కంప్యూటరు ఆటలలోని ఋతువులు – అరకులోయ గీటురాయిపై ఒక పరీక్ష

చదరంగపు పలకపై ఎండ కాయదు, వాన కురియదు. పూర్వపు ఆటలన్నియు ఇట్టివే. నేటి కంప్యూటరు ఆటలలో ఈ రెండును కలవు. ఆటగాడు నడచుచుండగా అతని యెదుట కొండలు లేచును, ఏరులు పారును, మబ్బులు పట్టును, కొన్నిచోట్ల మంచు కురియును. ఈ కొండలను ఏ చిత్రకారుడును గీయలేదు. కొన్ని సూత్రములను, ఒక బీజసంఖ్యను ఇచ్చినచో కంప్యూటరు తనంతట తానే ఆ లోకమును లెక్కగట్టి చూపుచున్నది. ఒకే బీజసంఖ్యను మరల ఇచ్చినచో అదే లోకము మరల పుట్టును. సంఖ్య మారినచో లోకమే మారును. ఇట్టి వానిని సూత్రజనిత లోకములని పిలువవచ్చును.

వినోదమునకై పుట్టిన వానికి శాస్త్రపరీక్ష యెందుకని కొందరికి తోచవచ్చును. ఈ తరగతి ఆటలలో ప్రసిద్ధమైన మైన్‌క్రాఫ్ట్ 2023 నాటికి ముప్పది కోట్ల ప్రతులకు మించి అమ్ముడుపోయినది. భూగోళ పాఠ్యపుస్తకమునకు ఇంతమంది పాఠకులు దొరకుట అరుదు. ఎడారి యెచ్చట నుండును, మంచు యెందుకు కురియును, కొండపై చలి యెందుకు, ఋతువు మారుట అనగా నేమి అను విషయములలో నేటి పిల్లలకు మొదటి అభిప్రాయము బడిలో కాక ఈ ఆటలలోనే కలుగుచున్నది. కావున ఆ అభిప్రాయము ఎట్టిదో చూచుట అవసరము.

పరీక్షకు ఒక గీటురాయి కావలెను. అందులకు తూర్పుకనుమలలోని అరకులోయ తగినది. అది చిన్న ప్రదేశము. కాని శీతోష్ణస్థితికి సంబంధించిన ముఖ్య కారణములన్నియు అచ్చట ఒకదానిపై నొకటి పనిచేయుచున్నవి. అరకును పుట్టింపగల సూత్రములు గట్టివి. పుట్టింపలేని వానిలో ఏదో లోపమున్నదని గ్రహింపవలెను.

లోకములను పుట్టించు విధము

ఈ విద్యకు మూలపురుషులలో కెన్ పెర్లిన్ ఒకరు. 1982లో విడుదలయిన 'ట్రాన్' అను చలనచిత్రమునకు పనిచేసినవారిలో ఆయన యుండెను. కంప్యూటరు గీచిన బొమ్మలు మరీ నున్నగా, యంత్రములవలె కనబడుట ఆయనకు నచ్చలేదు. రాయికి, మబ్బునకు, చెక్కకు సహజముగా నుండు మిట్టపల్లములను లెక్కతో పుట్టించు ఉపాయమును 1983లో కనుగొని, 1985లో ప్రకటించెను. ఈ కృషికి 1997లో ఆయనకు అమెరికా చలనచిత్ర అకాడమీ సాంకేతిక బహుమానము లభించినది.

ఆ ఉపాయము పేరు పెర్లిన్ నాయిస్. నాయిస్ అనగా ఇచ్చట చప్పుడు కాదు, క్రమము లేని హెచ్చుతగ్గులని అర్థము. ఒక పటముపై ఏ బిందువు నిచ్చినను ఈ సూత్రము ఒక సంఖ్య నిచ్చును. ప్రక్కప్రక్క బిందువుల సంఖ్యలు దగ్గరగా నుండును. దూరపు బిందువుల సంఖ్యలకు పొత్తుండదు. ఆ సంఖ్యను ఎత్తుగా తీసికొన్నచో కొండలు, లోయలు ఏర్పడును. వేరొక బీజముతో పుట్టించిన సంఖ్యను ఉష్ణోగ్రతగాను, మూడవదానిని తేమగాను తీసికొన్నచో శీతోష్ణస్థితి పటము సిద్ధమగును.

పిమ్మట ఒక పట్టికను చూతురు. వేడి యెక్కువ, తేమ తక్కువ యైనచో ఎడారి; రెండును ఎక్కువైనచో దట్టమైన అడవి; రెండును తక్కువైనచో మంచు మైదానము. రాబర్ట్ విటేకర్ అను అమెరికా జీవావరణ శాస్త్రజ్ఞుడు ఏడాది సగటు ఉష్ణోగ్రతను ఒక అక్షముగాను, ఏడాది మొత్తపు వర్షమును రెండవ అక్షముగాను గీచి భూమిపైనున్న వృక్షసముదాయములను అందులో అమర్చి చూపెను. విటేకర్ పటము విద్యార్థులకు జ్ఞాపకముంచుకొనుటకు మిక్కిలి అనుకూలమైనది. ఆటల పట్టికలు దానిని పోలినవే. లోపమునకు బీజము కూడ అచ్చటనే కలదు.

అరకు అరకైన కారణములు

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇది చేరినది. బంగాళాఖాతపు తీరము ఇచ్చటికి గీటుగీచినట్లు చూచినచో సుమారు 80 కిలోమీటర్లు. నడుమ అనంతగిరి కొండలు, గాలికొండ మొదలైన శిఖరములు అడ్డముగా నిలిచియున్నవి. గాలి పైకిపోయిన కొలది వ్యాకోచించి చల్లబడును. సగటున కిలోమీటరునకు ఆరున్నర డిగ్రీలు తగ్గును. ఆ లెక్కన విశాఖపట్టణముకంటె అరకు ఆరు డిగ్రీల వరకు చల్లగా నుండవలెను. పగటి వేళల ఇది చాలవరకు సరిపోవును.

శీతకాలపు రాత్రులలో ఈ లెక్క తలక్రిందులగును. ఆకాశము నిర్మలముగా నున్నపుడు నేల తన వేడిని త్వరగా వెలిగ్రక్కును. దానిని తాకిన గాలి చల్లబడి బరువెక్కి, వాలునపడిన నీటివలె కొండచరియలనుండి లోయలోనికి దిగి నిలిచిపోవును. అపుడు లోయ అడుగు చల్లగాను, దాని పై చరియ కొంత వెచ్చగాను ఉండును. తెల్లవారుజామున లోయలో మంచుపొగ నిండి, చుట్టునున్న శిఖరములు దీవులవలె కనబడుట కిదియే కారణము. పాడేరు సమీపమునగల వంజంగి కొండమీదికి జనులు వేకువనే ఎక్కుచున్నది ఈ పొగమంచు సముద్రమును చూచుటకే. చింతపల్లి మండలములోని లంబసింగిలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్న డిగ్రీల సమీపమునకు దిగును. ఆ ఊరికి 'కొర్రబయలు' అను పేరు కూడ కలదు. బయట నిలిచినవాడు కర్రవలె బిగిసిపోవునని దాని భావముగా చెప్పుచుందురు.

సూర్యుని సంగతి కూడ గమనింపదగినది. అరకు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 18 డిగ్రీల దూరమున నున్నది. కావున సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు, అనగా మే నెల నడుమను, జూలై నెల చివరను, సరిగా నడినెత్తికి వచ్చును. కాని ఎండ తీవ్రత రెండుసార్లు లేదు. మే నెలలో ఆకాశము తెరపిగా నుండును. జూలైలో నైరుతి ఋతుపవనపు మబ్బులు కప్పియుండును. సూర్యుడు అదే స్థానమున నున్నను ఒకటి వేసవి, రెండవది వానకాలము. ఇచ్చట ఋతువును నిర్ణయించునది సూర్యుడొక్కడే కాదు. సముద్రమునుండి వచ్చు తేమ కూడ.

ఆ తేమ యైనను ఒకే దిక్కునుండి రాదు. జూను నుండి సెప్టెంబరు వరకు నైరుతి పవనములు, వానితోపాటు బంగాళాఖాతములో పుట్టి వాయవ్యముగా కదలు వాయుగుండములు వర్షము నిచ్చును. అక్టోబరు నుండి డిసెంబరు వరకు గాలి దిక్కు మారును. అపుడు తూర్పు వైపు చరియలకు తేమ నేరుగా తగులును. ఒకకాలమున గాలికి ఎదురుగా నిలిచిన చరియ వేరొక కాలమున చాటున పడుట జరుగును.

ఈ కారణముల నన్నిటిని ఒకచోట చేర్చి చూచినచో ఒక సత్యము తేలుచున్నది. అరకు యొక్క శీతోష్ణస్థితి అరకులో లేదు. దాని పొరుగున ఉన్నది. సముద్రము ఎంత దూరము, కొండ ఏ వైపున నున్నది, చరియ ఎటు వాలినది, గాలి ఎటునుండి వీచినది – ఈ ప్రశ్నలకు జవాబులే అరకు.

కొన్ని ఆటల పరీక్ష

ముందుగా నో మాన్స్ స్కై. 2016 ఆగస్టులో వెలువడిన ఈ ఆటలో గ్రహముల సంఖ్య రెండును అరువదినాలుగు మారులు హెచ్చవేసినంత, అనగా 18,44,67,44,07,37,09,55,16,16. సంఖ్య చూచినచో తల తిరుగును. కాని వెలువడిన నాటి రూపములో ఒక్కొక్క గ్రహమునకు ఒక్కొక్క స్వభావమే. మంచు గ్రహమైనచో ధ్రువము మొదలు మధ్యరేఖ వరకు మంచే. ఎడారి గ్రహమైనచో అంతయు ఎడారియే. ఒకే పయనములో సముద్రతీరపు ఉక్కను విడిచి, కొండయెక్కి, సాయంకాలమునకు చలికోటు తొడిగికొనుట అను అనుభవము అందులో లేదు. కొత్తవలస నుండి కిరండూలు పోవు రైలుమార్గములో ప్రయాణము చేసినవారు కొద్ది గంటలలో చూచు భేదమును ఆ గ్రహములలో ఒక్కటియు చూపలేదు. గ్రహముల సంఖ్య ఎంత పెరిగినను ఒక్కొక్క గ్రహములోని వైవిధ్యము పెరుగదని ఇందువలన తెలియుచున్నది.

మైన్‌క్రాఫ్ట్ సంగతి వేరు. 2009లో మొదటిసారి బయటికి వచ్చి 2011లో పూర్తిరూపము దాల్చిన ఈ ఆటలో 2010 నుండి ప్రాంతభేదములు కలవు. 2013లో అతిచల్లని, చల్లని, మధ్యరకపు, వేడి ప్రాంతములని విభజించి, మంచు ప్రక్కనే ఎడారి రాకుండ సవరించిరి. 2021 నవంబరులో వెలువడిన మార్పుతో ఉష్ణోగ్రత, తేమ, సముద్రమునుండి లోనికున్న దూరమును పోలిన ఒక కొలత, నేల కోత మొదలైన అనేక సంఖ్యలను కలిపి ప్రాంతమును నిర్ణయించు పద్ధతి వచ్చినది. నేలయొక్క రూపములో దీనివలన గొప్ప మేలు కలిగినది. ఈ ఆటలోని కొండలకు నేడు నిజమైన గాంభీర్యము కలదు.

కాని శీతోష్ణస్థితిలో లోపము అట్లే నిలిచినది. తేమ సంఖ్యకును సముద్రమునకును సంబంధము లేదు. రెండును వేర్వేరు బీజములనుండి పుట్టినవి. సముద్రపు టొడ్డున ఎడారి యుండవచ్చును. భూమిపై కూడ అట్టి ఎడారులు కలవు గాని వానికి చల్లని సముద్రప్రవాహము వంటి కారణము లున్నవి. ఇచ్చట కారణము లేదు. ఎత్తునకు పోయిన కొలది ఉష్ణోగ్రత తగ్గు నియమమొకటి కలదు, అది మెచ్చదగినది. అయితే వర్షమును మంచుగా మార్చుటకు తప్ప వేరు పనికి అది రాదు. పైగా మబ్బు పట్టినచో లోకమంతటను ఒకేసారి పట్టును. ఎడారిలో చినుకు పడదు, చలిప్రాంతములో మంచు పడును, తక్కిన అన్నిచోట్ల ఒకే క్షణమున వాన మొదలై ఒకే క్షణమున వెలియును. అనంతగిరిలో వాన కురియుచుండగా అరకులో ఎండ కాయుట, ఆ ప్రాంతమున ప్రతివారికిని తెలిసిన ఈ చిన్న విషయము, ముప్పది కోట్ల ప్రతులలో ఒక్కదానియందును జరుగదు. ఇక ఋతువులు మూల ఆటలో లేనే లేవు.

ఋతువులు గల ఆటలలో రిమ్‌వరల్డ్ ఒకటి. 2018లో పూర్తిరూపమున వచ్చిన ఇందులో గోళాకారపు గ్రహము, అక్షాంశములు, ఎత్తునుబట్టి చలి, ఏడాదికి నాలుగు భాగములు, ఒక్కొక్క భాగమునకు పదునైదు దినములు కలవు. ధ్రువము వైపు పోయిన కొలది శీతకాలము కఠినమగును. ఇంతవరకు చక్కగానున్నది. మధ్యరేఖ దగ్గరకు వచ్చుసరికి మాత్రము ఆట తన పట్టికలో 'శాశ్వత గ్రీష్మము' అని వ్రాసి ఊరకుండును. ఇది ఒక్క మాటయే, కాని ఎంతో చెప్పుచున్నది. ఋతువనగా వేడి చలుల మార్పు మాత్రమేయని భావించినవారికి ఉష్ణమండలములో ఋతువులే కనబడవు. జూనులో నేల తడియుట, ఫిబ్రవరిలో ఎండుట వారి లెక్కలోనికి రాదు. మూల ఆటలో పైరు పెరుగుటకు నేలసారము, వెలుతురు, ఉష్ణోగ్రత – ఈ మూడే కావలెను, వాన అక్కరలేదు. వాన రాకున్నను పండు పైరు! ఏ కొండరైతునకైనను ఈ మాట వినిపించినచో నవ్వును.

డోంట్ స్టార్వ్ అను ఆటకు 2014లో చేర్చిన భాగములో నాలుగు ఋతువులు కలవు. వసంతమున విస్తారముగా వానలు, వేసవిలో వస్తువులు తమంతట తామే మండుట అందులో నున్నవి. వేడిని, తడిని రెండింటిని లెక్కపెట్టుటవలన ఈ ఆట కొంత మెరుగు. అయినను ఒక లోకమంతటికిని ఋతుచక్రము ఒక్కటే, స్థలమునుబట్టి మారదు.

ఈ వరుసలో అన్నిటికంటె గౌరవింపదగినది డ్వార్ఫ్ ఫోర్ట్రెస్. టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అను ఇద్దరు సోదరులు దీనిని 2006లో తొలిసారి వెలువరించిరి. చాలకాలము ఇందులో బొమ్మలుకూడ లేవు. అక్షరములతోనే లోకము గీయబడుచుండెను. కాని ఆ అక్షరముల వెనుక ఎత్తు, వర్షము, ఉష్ణోగ్రత, నీరు ఇంకు స్వభావము వేర్వేరుగా లెక్కింపబడినవి. అంతకుమించి, కొండలు మబ్బుల నడ్డగించి వాన కురిపించుట, ఆవలివైపు వర్షచ్ఛాయలో ఎండియుండుట అను నియమముకూడ చేర్చబడినది. అనగా ఈ లోకములో ఒక స్థలమునకు తన పొరుగున కొండయున్నదని తెలియును. అరకునకు అతిదగ్గరగా వచ్చిన ఆట ఇదియే. ఇచ్చటను కొరత లేకపోలేదు. లోకము పుట్టునపుడు నిర్ణయమైన వర్షపు సంఖ్య ఆ స్థలమునకు స్థిరపడిపోవును. గాలి దిక్కు మారిన కొలది చాటుప్రక్క యెదురుప్రక్క అగుట అందులో లేదు. ఏడాదికి 336 దినములు, పండ్రెండు నెలలు, నెలకు 28 దినములు. ఋతువు తప్పక ఆ దినముననే మారును.

సగటు చేయు అపకారము

పై ఆటలన్నిటికి సామాన్యమైన లోపము సగటును నమ్ముట. ఒక ఉదాహరణము చూడుడు. ఒకచోట నెలకు 100 మిల్లీమీటర్ల చొప్పున ఏడాదిలో 1,200 మిల్లీమీటర్ల వాన కురిసినదనుకొందము. వేరొకచోట నాలుగు నెలలలోనే వేయి కురిసి, తక్కిన ఎనిమిది నెలలలో రెండువందలు కురిసినది. ఏడాది మొత్తము రెండుచోట్లను ఒక్కటే. పట్టిక ఈ రెంటిని ఒకే గదిలో వేయును. కాని మొదటిచోట సతతహరితమైన అడవి యుండవచ్చును. రెండవచోట చెట్లు ఎండకాలమున ఆకురాల్చి బ్రదుకును. ఏరు మొదటిచోట ఏడాదంతయు పారును. రెండవచోట పొంగి, పిమ్మట ఎండును.

అరకు కాఫీతోటలు ఈ విషయమునకు గట్టి సాక్ష్యము. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీకి ఏడాదిలో ఎంత వాన కురిసినదన్న దానికంటె ఎప్పుడు కురిసినదన్నది ముఖ్యము. వర్షకాలము ముగిసిన తరువాత కొమ్మలపై మొగ్గలు ఏర్పడి, ఎండకాలపు దాహముతో నిద్రించును. మార్చి, ఏప్రిల్ నెలలలో ఒక మంచి జల్లు పడగానే మేల్కొని సుమారు ఎనిమిది పది దినములలో తోటయంతయు ఒక్కసారిగా తెల్లని పూలతో నిండును. జల్లు చాలనిచో మొగ్గ సరిగా విచ్చక చెడిపోవును. పూసిన కొన్ని వారములకు మరియొక జల్లు పడవలెను. అపుడే కాయ నిలుచును. నవంబరు, డిసెంబరు, జనవరి నెలలలో కాయ పండును. అపుడు మాత్రము వాన పడరాదు. పడినచో పండు పగులును, రాలును, ఆరబెట్టిన గింజ చెడును. ఒకే వాన మార్చిలో వరము, డిసెంబరులో నష్టము. సగటులో ఈ రెండును కలిసిపోయి కనబడకుండ పోవును.

రాలు ఆకుల సంగతియు ఇట్టిదే. ఆటలలో ఆకులు శరత్తులో ఎఱ్ఱబడి రాలును, వెంటనే మంచు కురియును, వసంతమున చిగుర్చును. ఇది ఐరోపా, ఉత్తర అమెరికా ఖండముల చిత్రము; అచ్చట చెట్టు చలికి భయపడి ఆకు రాల్చును. తూర్పుకనుమల చెట్టు నీటికొరతకు ఆకు రాల్చును. ఫిబ్రవరి, మార్చి నెలలలో అడవి బోడియై, ఎండలు ముదురుచున్న కాలముననే, తొలకరి రాకముందే, అనేక వృక్షములు చిగుర్చును. వలిసె చేలు లోయను పసుపురంగుతో నింపునది వసంతమున కాదు. వానలు వెనుదీయు అక్టోబరు, నవంబరు నెలలలో. ఐరోపా క్యాలెండరును తెచ్చి ఈ కొండలపై పరచినచో ఒక్క ఆకైనను సరియైన నెలలో రాలదు.

గడియారమా, రాకడయా?

ఆటలలో ఋతువు గడియారమువంటిది. ఇన్ని దినములు గడచిన వెంటనే అర్ధరాత్రి వేళ మారును. నిజమైన ఋతుపవనమునకు ఇట్టి నియమము లేదు. కేరళ తీరమునకు అది చేరవలసిన తేదీ జూను 1. 2019లో జూను 8న చేరినది. 2025లో మే 24న వచ్చినది. ఆరేండ్ల వ్యవధిలోని ఈ రెండు సంవత్సరములకే రెండు వారముల భేదము. వచ్చిన తరువాతనైనను ఎడతెగక కురియదు. నడుమ పదేసి దినములు మొగము చాటువేయును. కొండవాలున చోడి, సామ విత్తువాడు క్యాలెండరును చూచి విత్తడు. నేల తడిని, మబ్బు నడకను చూచి విత్తును. తొందరపడినచో మొలక ఎండును. ఆలసించినచో పంట కుదించుకొనును.

ఈ సంగతిని అరకు, పాడేరు ప్రాంతములలోని గిరిజనుల పండుగలు చక్కగా తెలుపుచున్నవి. చైత్రమాసమున వచ్చు ఇటుకల పండుగలో విత్తనములకు పూజ జరుగును. థింసా నాట్యములు సాగును. వ్యవసాయపు పనులకు అది నాంది. పిమ్మట 'కొత్త' పండుగలు. మామిడికొత్త జరిగినదాక కొత్త మామిడిపండును, కొర్రకొత్త జరిగినదాక కొత్త కొర్రను నోటపెట్టరాదని ఆచారము. ఇచ్చట ఋతువునకు గుర్తు తేదీ కాదు, పండిన ఫలము. దీనిలో ఒక శాస్త్రదృష్టి కూడ దాగియున్నది. మొక్క యొక్క దశనుబట్టి కాలమును గుర్తించుట నేటి వ్యవసాయ వాతావరణ శాస్త్రమునందు ముఖ్యభాగము. ఆటలవారు ఋతువులు నాలుగా, ఆరా అని ఆలోచింతురు. ప్రాచీనులు ఆరనిరి, భారత వాతావరణశాఖ నాలుగని లెక్కించుచున్నది. సంఖ్య ముఖ్యము కాదు. ఋతువు కారణములనుండి పుట్టుచున్నదా, లేక పైనుండి అంటించిన పేరా అనునదే ముఖ్యము.

ఆటల పక్షమున చెప్పదగినది

ఆటలను నిర్మించువారి పక్షమునకూడ న్యాయమున్నది. మైన్‌క్రాఫ్ట్ లోకము ఒకేసారి పుట్టదు. ఆటగాడు అడుగు వేసిన కొలది పదునారు గడుల పొడవు, పదునారు గడుల వెడల్పుగల ముక్కలుగా అది పుట్టుచుండును. ఒక ముక్కను లెక్కించునపుడు దాని చుట్టునున్న ముక్కలు ఇంకను పుట్టియుండకపోవచ్చును. కావున ఆ బిందువు సంఖ్య ఆ బిందువు స్థానమునుండియే తేలవలెను. పెర్లిన్ సూత్రము యొక్క గొప్పతనము ఇదియే. దాని హద్దుకూడ ఇదియే. వర్షచ్ఛాయను లెక్కించుటకు గాలి సముద్రమునుండి బయలుదేరి ఏయే కొండలు దాటివచ్చినదో తెలియవలెను. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ లోకము హద్దులు గలది, ఆట మొదలగుటకు ముందే అంతయు పుట్టునది. అందుచేతనే దానికి ఇది సాధ్యమైనది. హద్దులేని లోకము కోరినవారు పొరుగుతెలియని లోకమును పొందిరి. ఇది సోమరితనము కాదు. ఒకదానికై వేరొకదానిని వదలుకొనుట.

ఆట యనగా వాతావరణ పరిశోధనాలయము కాదనుటయు నిజమే. ఆటగాని కాలము స్వల్పము. మైన్‌క్రాఫ్ట్‌లో ఒక దినము ఇరువది నిమిషములే. అంతలో ఋతుపవనపు పోకడలన్నియు చూపుట కుదరదు.

కాని అరకును పుట్టించుటకు మహాయంత్రములు అక్కరలేదు. ముందుగా పటమును ముతకగా, పెద్ద గడులతో ఒకసారి పుట్టించి, సముద్రము, పర్వతపంక్తి ఎచ్చటనున్నవో తెలిసికొనవచ్చును. ఏడాదికి రెండు గాలిదిక్కులను నిర్ణయించి, ఒక్కొక్క దిక్కునకు వర్షచ్ఛాయను వేరుగా లెక్కింపవచ్చును. ఏడాది సగటు అను ఒక్క సంఖ్యకు మారుగా పండ్రెండు నెలలకు పండ్రెండు సంఖ్యలను ఉంచవచ్చును. నేలలోని తడిని ఒక కుండగా భావించి, వాన దానిని నింపుననియు, ఎండ తోడుననియు పెట్టి, చెట్ల ఆకును ఆ కుండకు కట్టివేయవచ్చును. మబ్బులేని రాత్రి లోయ అడుగున కొన్ని డిగ్రీలు తగ్గింపవచ్చును. ఋతువు రాకను రెండు వారములు ఇటునటు కదల్పవచ్చును. ఇవి అన్నియు కూడికలు, తీసివేతలే. ఇవి చేరినచో ఆట కష్టమగునను భయము వలదు, రుచికరమగును. మబ్బును చూచి విత్తవలెనా, ఆగవలెనా అను సందేహముకంటె మంచి ఆట మరియేమున్నది?

ఆటకు బయట

ఈ లోపము ఆటలకే పరిమితమైనచో ఇంత చర్చ అవసరముండదు. పెద్ద గడిలో సగటు తీయుట వలన కొండప్రాంతము మాయమగుట నిజమైన వాతావరణ గణనములలోనుగల చిక్కే. భూమిని గడులుగా కోసి ఒక్కొక్క గడికి ఒక్కొక్క ఉష్ణోగ్రతను లెక్కగట్టుటయే ఆ విద్య. గడి పెద్దదైనచో లోయ, శిఖరము, చరియ అన్నియు ఒక్క సంఖ్యలో కరగిపోవును. భారతదేశములో 12 కిలోమీటర్ల గడులతో సాగుచున్న ఈ పనిని 6 కిలోమీటర్ల గడులకు దించిన 'భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్' 2025 మే 26న ప్రారంభింపబడినది. ఇది మిక్కిలి సంతోషింపదగిన ముందడుగు. అయినను ఆరు కిలోమీటర్లలో అరకు ప్రాంతమున ఒక లోయ, ఒక కొండ, రెండు వాలులు ఇముడును. మిగిలిన భేదమును చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానమువంటి చోట్ల నేలపై చేయు కొలతలును, అచ్చటి రైతుల పరిశీలనయు పూరింపవలెను.

2014 అక్టోబరు 12న విశాఖపట్టణమువద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపాను ఈ కొండలపై సిల్వర్ ఓక్ చెట్లను కూల్చి, వాని నీడలో పెరుగుచున్న కాఫీని నష్టపరచినది. నీడ పోయినచో క్రింద ఎండ పెరుగును, నేలతడి తగ్గును. ఒక దినపు గాలి అనేక సంవత్సరముల సూక్ష్మశీతోష్ణస్థితిని మార్చినది. మైన్‌క్రాఫ్ట్‌లో అడవినంతయు నరికివేసినను ఆ చోటు పట్టికలో అడవిగానే నిలుచును. వేడిమి అణువంతయు మారదు. ఈ ఒక్క భేదము పిల్లవాని మనసులో నాటుకొనుటే అన్నిటికంటె హానికరము. శీతోష్ణస్థితి ముందే వ్రాసిపెట్టిన సంఖ్య యనియు, మనుష్యుడు ఏమి చేసినను అది కదలదనియు అతడు తెలియకయే నమ్మును.

కావున తీర్పు ఇట్లున్నది. రూపమును పుట్టించుటలో సూత్రజనిత లోకములు అద్భుతమైన విజయము సాధించినవి. కారణమును పుట్టించుటలో, డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ వంటి కొన్ని తప్ప, ఇంకను మొదటి మెట్టుననే యున్నవి. వీనిని పిల్లలకు దూరము చేయవలసిన పని లేదు. ఉపాధ్యాయులు ఆ ఆటనే ముందుంచి, ఈ ఎడారి ఇచ్చట ఎందుకున్నది, ఈ వాన ఏ సముద్రమునుండి వచ్చినది, ఈ చెట్టు ఆకు ఏల రాల్చలేదు అని అడిగినచో అది చక్కని పాఠమగును. జవాబు దొరకనిచోట ఆటలోని లోపము బయటపడును. జవాబు వెదకుటలో భూమి బోధపడును. ఆ ప్రశ్నలకు అరకు, పాడేరు, చింతపల్లి బడులలోని పిల్లలు ఇతరులకంటె ముందుగా జవాబు చెప్పగలరు. కిటికీ తెరచినచో వారికి కొండ కనబడును, దానిమీద మబ్బు కనబడును. రేపటి సూత్రజనిత లోకములకు సూత్రములు వ్రాయువారు వారిలోనుండి రావలెను.